పది మీటర్ల వైరు పొగ: అగ్నిమాపక శాఖకు నెల్లూరు నుంచి ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,

అయ్యా, నమస్కారం.

నేను నెల్లూరులో ఇళ్లకీ షాపులకీ నర్సింగ్ హోములకీ వైరింగ్ చేయించే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ని. ఈ పనిలోకి దిగి 22 ఏళ్లయింది. అంతకుముందు ఆరేళ్లు చెన్నై దగ్గర ఒక కేబుల్ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. వైరు ముక్కల్ని కాల్చి, వచ్చిన పొగలో ఎంత యాసిడ్ ఉందో కొలవడం అక్కడ నా ఉద్యోగం. అందుకే ఈ విషయం మీద మీకు రాయాల్సిన బాధ్యత నాకుందని అనిపించింది.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఫైర్ తనిఖీకి వచ్చినప్పుడు మీ సిబ్బంది నీళ్ల ట్యాంకు చూస్తారు, హోస్ రీల్ చూస్తారు, మెట్ల వెడల్పు కొలుస్తారు, సిలిండర్ల మీద తేదీలు చూస్తారు. అవన్నీ కావాల్సినవే. కానీ ఆ బిల్డింగు లోపల వాడిన సీలింగు, పరుపు, వైరు, గోడకి అంటించిన ప్యానెలు కాలితే ఆ పొగ మనిషిని ఎంతసేపు బతకనిస్తుందని నేను దగ్గరుండి చూసిన ఏ తనిఖీలోనూ ఎవరూ అడగలేదు. దయచేసి అది అడగడం మొదలుపెట్టండి.

మూడేళ్ల కిందట మా పిన్నికి మోకాలి ఆపరేషన్ చేయించాం. నెల్లూరులోనే, మూడంతస్తుల నర్సింగ్ హోమ్. ఆపరేషన్ అయిన రెండో రోజు రాత్రి ఒంటిగంట దాటాక, కింద యూపీఎస్ పెట్టిన గదిలో వైర్లు అంటుకున్నాయి. మంట ఆ గది దాటి బయటికి రాలేదు. వాచ్‌మన్ పొడి సిలిండరు తీసుకుని పది నిమిషాల్లో ఆర్పేశాడు. పిన్ని ఉన్నది రెండో అంతస్తులో, ఆ గదికి సరిగ్గా పైన కూడా కాదు. కానీ వైర్లు పైకి పోయే షాఫ్టు కింది నుంచి పైదాకా బావిలా తెరిచే ఉంది. ప్రతి అంతస్తులోనూ స్లాబ్ దగ్గర దాన్ని మూయాలి, మూయలేదు. పొగ ఆ దారి పట్టుకుని పైకొచ్చి, ఫాల్స్ సీలింగ్ మీద నిండి, ఏసీ గాలితో పాటు గదుల్లోకి దిగింది.

పిన్నికి తోడుగా మా చెల్లెలు పడుకుని ఉంది. కళ్లు మండి లేచింది. నిలబడగానే తల తిరిగి మళ్లీ మంచం పట్టుకుని కూర్చుండిపోయింది. కరెంటు తీసేశారు కాబట్టి లిఫ్టు లేదు. నాకు ఫోన్ వచ్చి నేను వెళ్లేసరికి ఇద్దరు వార్డ్‌బాయ్‌లు పిన్నిని దుప్పట్లో వేసి, నాలుగు మూలలూ ఎత్తి పట్టుకుని మెట్ల మీద దించుతున్నారు. సెల్‌ఫోన్ వెలుతురులో ఆమె ముక్కు చుట్టూ సన్నగా నల్లటి గీత కనిపించింది. ఆ గీత నాకు బాగా తెలుసు. ల్యాబులో ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయని రోజు మా ముక్కుల దగ్గర కూడా అదే గీత ఉండేది.

బయట అరుగు మీద కూర్చోబెట్టి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్ వేలికి పెట్టారు. 98 చూపించింది. "సాచురేషన్ బాగుంది సార్, టెన్షన్ పడకండి" అన్నారు. అందరం తేలికపడ్డాం. పిన్ని మాత్రం "తల పగిలిపోతా ఉంది నాయనా" అంటూనే ఉంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. మత్తుమందు దిగక అలా ఉందేమో అనుకున్నాం. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ ఒకావిడ మాత్రం ఊరుకోలేదు. రక్తం తీసి వేరే ఆసుపత్రికి పంపించింది. రక్తంలో ఐదో వంతుకి పైగా కార్బన్ మోనాక్సైడ్ పట్టేసిందని రిపోర్టు వచ్చింది.

అప్పుడు ఆవిడ చెప్పింది, నేను ఇప్పటికీ మర్చిపోలేదు. వేలికి పెట్టే మామూలు క్లిప్ ఆక్సిజన్ పట్టిన రక్తాన్నీ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్నీ వేరు చేయలేదట. రెండూ దానికి ఒకేలా కనిపిస్తాయి. మనిషి లోపల ఊపిరాడక పోతున్నా అది 98 అనే చూపిస్తుంది. ఈ గ్యాస్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే అందులో సగం వదలడానికే నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు పెట్టి నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నరలో సగానికి దిగుతుంది. ఆ డాక్టరమ్మ ఆ రాత్రి మాస్కు పెట్టించకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదలుచుకోలేదు. పిన్ని బతికింది. మోకాలు బాగుంది. దగ్గు మాత్రం పోలేదు. చలికాలం వస్తే రాత్రంతా కూర్చునే ఉంటుంది.

ఆ నర్సింగ్ హోమ్ వాళ్లు ఆ ఘటన గురించి రాసుకున్న కాగితం నేను చూశాను. స్వల్ప అగ్నిప్రమాదం, కారణం షార్ట్ సర్క్యూట్, ప్రాణనష్టం లేదు, ఆస్తినష్టం స్వల్పం. నాలుగు ముక్కలు. అందులో పొగ అన్న మాటే లేదు.

నిజం చెప్పాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. నా పాత పనుల్లోనూ అలా మూయకుండా వదిలేసిన షాఫ్టులు ఉన్నాయి. ఆ రాత్రి తర్వాత నాలుగు బిల్డింగులకి తిరిగి వెళ్లి నా ఖర్చుతో మూయించాను. ఇంకా రెండు మిగిలాయి. ఓనర్లు తాళం ఇవ్వడం లేదు.

ఇప్పుడు వైరు సంగతి చెప్తాను, ఇది నాకు బాగా తెలిసిన పని.

ట్రంక్ రోడ్డులో ఏ ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లినా కాయిల్ మీద ఎఫ్‌ఆర్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కస్టమర్ నాతో అంటాడు, "అన్నా, ఎఫ్‌ఆర్ తీసుకున్నాం కదా, ఇంక అంటుకోదు కదా" అని. ఎఫ్‌ఆర్ అంటే మంట ఆ వైరు పట్టుకుని పాకదని అర్థం, అంతే. పక్కన ఇంకేదో మంటల్లో ఉంటే ఆ వేడికి ఈ వైరు పూత కాలక తప్పదు. ఆ పూత పీవీసీ. కల్తీ లేని పీవీసీలో బరువులో సగానికి పైన, 57 శాతం దాకా క్లోరినే ఉంటుంది. వైరు పూతలో సుద్దపొడి, మెత్తబరిచే నూనెలు కలుపుతారు కాబట్టి ఆ పాలు తగ్గుతుంది. కాలినప్పుడు ఆ క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ అనే యాసిడ్ గ్యాసుగా బయటికొస్తుంది. కంట్లో నీళ్లకి తగిలినా, ఊపిరితిత్తుల్లో తడికి తగిలినా అది అక్కడికక్కడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయిపోతుంది.

ల్యాబులో దాన్ని కొలిచే పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. వైరు పూతని చిన్న ముక్కలుగా కత్తిరించి అర గ్రాము నుంచి ఒక గ్రాము దాకా తూచి, పింగాణీ దోనె లాంటి దాంట్లో వేస్తాం. దాన్ని క్వార్ట్జ్ గొట్టంలోకి తోసి, గొట్టంలో గాలి పారిస్తూ ఫర్నేసు వేడిని మెల్లగా 40 నిమిషాల్లో 800 డిగ్రీలకు తెచ్చి, ఇంకో 20 నిమిషాలు అలాగే ఉంచుతాం. అవతలి చివర గాజు సీసాల్లో కాస్టిక్ సోడా నీళ్లుంటాయి. పొగ ఆ నీళ్లలో బుడగలు బుడగలుగా పోతుంది. చివర్లో ఆ నీళ్లని టైట్రేట్ చేస్తే, అంటే ఇంకో రసాయనం చుక్కచుక్కగా కలిపి కొలిస్తే, ఒక గ్రాము పూతలోంచి ఎంత యాసిడ్ గ్యాస్ వచ్చిందో తేలుతుంది. ముక్క లోపల పెట్టినప్పుడు తెల్లగానో ఎర్రగానో ముద్దుగా ఉంటుంది. బయటికి తీసేసరికి బూడిదరంగు గుల్ల. మధ్యలో పోయిందంతా ఆ సీసాల్లోకే పోయింది. సీసాలు లేని చోట అది మనిషి ఛాతీలోకి పోతుంది. ఆరేళ్లు ఆ సీసాలు కడిగిన వాణ్ణి కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

మన దేశంలో ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అనే రకానికి, అంటే మంట పాకనివ్వకుండా పొగ కూడా తక్కువ వచ్చే వైరుకి, ఆ యాసిడ్ 20 శాతం దాటకూడదని పరిమితి ఉంది. మామూలు పూతకి అంతకంటే ఎక్కువే వస్తుంది. సరే, మంచి రకాన్నే తీసుకుని లెక్క వేద్దాం. 2.5 స్క్వేర్ వైరుకి మీటరుకి దాదాపు 10 గ్రాముల పూత ఉంటుంది. పది మీటర్ల వైరు కాలిందనుకోండి, అంటే కాయిల్లో తొమ్మిదో వంతు. 100 గ్రాముల పూత. అందులోంచి 20 గ్రాముల యాసిడ్ గ్యాస్. పదడుగులు, పన్నెండడుగులు, ఎత్తు పదడుగులు ఉన్న గదిలో అది నిండితే గాలిలో పది లక్షల పాళ్లకు దాదాపు 400 పాళ్లు అవుతుంది. గోడల తడి కొంత పీల్చేస్తుంది, తలుపు సందుల్లోంచి కొంత పోతుంది, నిజంగా కొలిస్తే తక్కువ రావచ్చు. అయినా, తక్షణం ప్రాణానికీ ఆరోగ్యానికీ ప్రమాదమని అమెరికా కార్మిక ఆరోగ్య నిపుణులు పెట్టుకున్న హద్దు 50 పాళ్లు మాత్రమే. ఒక్కో ఏసీ గది గోడల్లో, సీలింగ్ మీద ఎన్ని పదుల మీటర్ల వైరు నడుస్తుందో మా కుర్రాళ్లని అడగండి, చెప్తారు.

దీనికి మందు లేక కాదు. హాలోజెన్, అంటే క్లోరిన్ లాంటి మూలకాలు, లేని పూతతో వైర్లు ఉన్నాయి. వాటికి 2018లో ఐఎస్ 17048 అని భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. మెట్రో సొరంగాల్లో అలాంటివే వేస్తారు. నెల్లూరులో ఆ కాయిల్ అడిగితే షాపువాళ్లు ఆర్డర్ పెట్టి తెప్పించాలి, ధర ఎక్కువ. అడిగేవాళ్లు లేరు కాబట్టి తెప్పించరు. తెప్పించరు కాబట్టి ధర తగ్గదు. లేవలేని రోగులున్న చోటైనా ఇది తప్పనిసరి చేస్తే ఆరు నెలల్లో మార్కెట్ దానంతటదే మారుతుందని నా నమ్మకం. పాత ఫ్యూజుల బదులు వచ్చిన ఎంసీబీ స్విచ్చుల విషయంలో నా కళ్లముందే అలా మారింది.

వైరు ఒక్కటే కాదు. పరుపులోని స్పాంజి పాలీయురేథేన్. అందులో నైట్రోజన్ ఉంటుంది. గాలి చాలని గదిలో అది కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. ఒకటి రక్తంలో ఆక్సిజన్ మోయనివ్వదు, రెండోది మోసుకొచ్చిన కాస్త ఆక్సిజన్ని కణాలు వాడుకోనివ్వదు. రెండూ కలిస్తే మనిషి పారిపోవాలన్న తెలివి కూడా కోల్పోయి పడిపోతాడు. బ్రెజిల్‌లో శాంటా మారియా అనే ఊళ్లో 2013 జనవరి 27న ఒక నైట్ క్లబ్బులో సీలింగుకి కొట్టిన సౌండ్‌ప్రూఫ్ ఫోమ్ అంటుకుని 242 మంది పోయారు. ఎక్కువమందిని చంపింది పొగే. ఆ ఫోమ్‌కి మన ఫంక్షన్ హాళ్లలో, రికార్డింగ్ గదుల్లో, జిమ్ముల్లో అతికించే ఫోమ్‌కి తేడా ఏమిటో చెప్పగలిగిన కాగితం ఏ ఓనరు దగ్గరా నేను చూడలేదు.

దగ్గరి ఊళ్లకే వద్దాం. కోల్‌కతాలో 2011 డిసెంబర్ 9న ఒక పెద్ద ఆసుపత్రి బేస్‌మెంట్‌లో నిప్పు పుట్టి, పై అంతస్తుల్లో మంచాల మీద ఉన్న రోగులు 90 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందికి మంట తగల్లేదు. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో 2023 మార్చి 16న ఆరుగురు యువతీ యువకులు పొగకి ఊపిరాడక పోయారు. హైదరాబాద్ గుల్జార్ హౌస్‌లో 2025 మే 18న 17 మంది పోయారు, అందులో చిన్నపిల్లలు ఉన్నారు. ప్రతిసారీ టీవీలో మంటలు చూపిస్తారు. ప్రతిసారీ కారణం షార్ట్ సర్క్యూట్ అంటారు. షార్ట్ సర్క్యూట్ అగ్గిపుల్ల లాంటిది. ఆ తర్వాత ఏం కాలింది, ఏ గ్యాస్ వచ్చింది, ఎంతసేపట్లో వచ్చింది అన్నది వదిలేస్తే వచ్చే ఏడాది మళ్లీ అదే వార్త చదువుతాం.

నెల్లూరు వాళ్లకి ఈ మాట ఇంకో రకంగా కూడా తెలుసు. 2012 జూలై 30 తెల్లవారుజామున తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ మన ఊళ్లోనే తగలబడింది. 30 మందికి పైగా పోయారు. అప్పుడు నేను విజయమహల్ గేటు దగ్గరికి వెళ్లాను. బోగీని దూరం నుంచే చూశాను, దగ్గరికి పోనివ్వలేదు. కిటికీ ఊచల చుట్టూ మసి పైకి నాలుకల్లా పట్టి ఉంది. గాలిలో రెగ్జిన్ కాలిన వాసన. నాకు ల్యాబు గుర్తొచ్చి అక్కడే కూర్చుండిపోయాను. నిద్రలో ఉన్నవాళ్లలో ఎంతమంది మంట చూడకుండానే పోయి ఉంటారో అని ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

రైల్వే ఈ విషయంలో మనకంటే ముందుంది, ఒప్పుకోవాలి. బోగీల్లో వాడే ఫర్నిషింగ్ సామాన్ల స్పెసిఫికేషన్లలో రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ వాళ్లు, పొగ ఎంత విషమో చెప్పే టాక్సిసిటీ ఇండెక్స్ అనే పరీక్ష పెట్టారు. వందేభారత్ రైళ్లకి యూరప్ రైల్వే ప్రమాణం ఈఎన్ 45545 పాటిస్తున్నామని చెప్తున్నారు. అందులో ముక్కని గట్టి పెట్టెలో పెట్టి వేడి తగిలించి, నాలుగో నిమిషంలో, ఎనిమిదో నిమిషంలో పొగ తీసి ఎనిమిది గ్యాసులు కొలుస్తారు. కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ అన్నీ అందులో ఉన్నాయి. 

మరి బస్సు? రాత్రి తొమ్మిదయితే మినీ బైపాస్ మీద నిలబడి చూడండి, స్లీపర్ బస్సులు బెంగళూరుకీ హైదరాబాదుకీ వరుసగా కదులుతుంటాయి. లోపల బెర్తు మీద రెగ్జిన్, అంటే పీవీసీ. దాని కింద స్పాంజి. కర్టెన్లు, ప్లైవుడ్డు, పైన ప్లాస్టిక్ ప్యానెళ్లు. బస్సు లోపలి సామాన్లకు ఉన్న పరీక్ష ఐఎస్ 15061. ముక్కని అడ్డంగా పట్టుకుని చివర 15 సెకన్లు మంట పెడతారు. మంట నిమిషానికి 100 మిల్లీమీటర్లు మించి పాకకపోతే పాస్. పొగ కొలవరు. అదే స్పాంజి రైల్లో ఉంటే దాని పొగకి పరీక్ష ఉంది, బస్సులో ఉంటే లేదు. పీల్చే ఊపిరితిత్తులు రెండు చోట్లా ఒక్కటే కదా. పాలెం దగ్గర 2013 అక్టోబర్ 30న 45 మంది, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో 2025 అక్టోబర్ 24న 19 మంది ప్రయాణికులు బస్సుల్లో కాలిపోయారు. ఆ తర్వాత అద్దాలు పగలగొట్టే సుత్తుల గురించీ ఎమర్జెన్సీ తలుపుల గురించీ గట్టిగా తనిఖీలు జరిగాయి. సుత్తి ఎత్తి అద్దం మీద కొట్టాలంటే మనిషి స్పృహలో ఉండాలి. ఆ స్పృహని ఎన్ని నిమిషాలు ఉండనిస్తుందో చెప్పేది పొగ పరీక్షే. బస్సులు రవాణా శాఖ కిందికి వస్తాయని తెలుసు. కానీ ఆ బస్సు దగ్గరికి ముందు పరుగెత్తేది మీ సిబ్బందే. వాళ్లు కూడా ఆ పొగే పీలుస్తారు.

ఈ పరీక్షల్లో లోపం లేదని నేను అనను. అదే స్పాంజి గాలి బాగా ఆడే చోట కాలితే ఒక రకం పొగ, తలుపులు మూసిన గదిలో కాలితే దానికంటే ఎన్నో రెట్లు విషం. మంట లేకుండా మెల్లగా నుసినుసిగా రాజుకుంటే ఇంకో రకం. కొన్ని ఫైర్ రిటార్డెంట్ రసాయనాలు మంటని ఆపుతూనే కాలడాన్ని సగంలో వదిలేసి కార్బన్ మోనాక్సైడ్ పెంచుతాయి. మంట పరీక్షలో ఫస్ట్ వచ్చిన సరుకు పొగ పరీక్షలో ఫెయిల్ కావడం నేను ల్యాబులో చూశాను. ఒకప్పుడు ఇవన్నీ ఎలుకల మీద చేసేవాళ్లు, ఇప్పుడు గ్యాసుల్ని నేరుగా కొలిచి లెక్క కడుతున్నారు. గాలి ఎంత ఇవ్వాలో ముందే ఖాయం చేసుకుని కాల్చే గొట్టపు ఫర్నేసు పద్ధతికి కూడా అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. యూరప్‌లో రైళ్లకీ ఓడలకీ పొగ విషం కొలవాల్సిందే గానీ, బిల్డింగు సామాన్లకి పొగ ఎంత వస్తుందని చూస్తారే తప్ప అందులో విషం ఎంతని ఇంకా అడగడం లేదు. కాబట్టి మీరు అడిగితే మనం ఎవరి వెనకా నడిచినట్టు కాదు. ఒక్క పరీక్షతో అంతా తేలదు, నిజమే. బీపీ ఒక్కటి చూస్తే రోగమంతా తెలియదు, అయినా ఏ డాక్టరూ బీపీ చూడటం మానడు.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎన్‌ఓసీ ఇచ్చేముందు, రెన్యువల్ చేసేముందు, ఆసుపత్రుల దగ్గర మొదట, ఫాల్స్ సీలింగు, పరుపులు, వైర్లు, గోడ ప్యానెళ్లు ఏ రకానివో బిల్లులతో సహా చూపించమనండి. పొగ, యాసిడ్ గ్యాస్ పరీక్షల రిపోర్టు ఉంటే అది కూడా జత చేయమనండి. మొదటి ఏడాది ఎవరి దగ్గరా ఉండదు. లేదని రాయించుకున్నా చాలు, రెండో ఏడాదికి సరఫరాదారుల్ని అడగడం మొదలవుతుంది. షాఫ్టు ప్రతి స్లాబ్ దగ్గరా మూసి ఉందో లేదో టార్చి వేసి చూడమనండి. దానికి ఏ ల్యాబూ అక్కర్లేదు, రెండు నిమిషాల పని.

ప్రమాదం జరిగాక మీరు రాసే రిపోర్టులో ఏ సామాను కాలింది, పొగ ఏ దారిన ఎక్కడికి పోయింది అనే రెండు గడులు చేర్చండి. చనిపోయినవాళ్ల రక్తంలో కార్బన్ మోనాక్సైడ్, సయనైడ్ ఎంతున్నాయో పోస్ట్‌మార్టంలో చూడమని పోలీసు, వైద్య శాఖలకి రాయండి. కాలిన శరీరం చూసి కాలి చనిపోయారని రాసేస్తే, చంపింది పొగ అన్న సంగతి కాగితాల్లోకి ఎప్పటికీ రాదు. కాగితాల్లో లేని దానికి నిబంధన రాదు. బతికి బయటపడ్డవాళ్ల గురించి కూడా 108 సిబ్బందికి ఒక మాట చెప్పించండి, పొగలోంచి వచ్చిన మనిషి విషయంలో వేలి క్లిప్పుని నమ్మొద్దని, వెంటనే ఆక్సిజన్ పెట్టమని. మా పిన్ని విషయంలో ఒక డాక్టరమ్మకి తెలిసి ఉండటం వల్ల సరిపోయింది. ప్రతి రాత్రీ ప్రతి ఊళ్లో ఆవిడ ఉండదు.

ల్యాబు ఎక్కడుందని మీ వాళ్లు అడగవచ్చు. రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐకి ఫైర్ రీసెర్చ్ విభాగం ఉంది. కేబుళ్లకైతే బెంగళూరులో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ సీపీఆర్ఐ ఉంది. కానీ నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఒక చిన్న ఓనరు ప్యానెల్ ముక్క పట్టుకుని రూర్కీ పోడు. యాసిడ్ గ్యాస్ కొలిచే గొట్టపు ఫర్నేసు పెద్ద యంత్రమేమీ కాదు. కాకుటూరులో మన విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, కెమిస్ట్రీ చదివిన పిల్లలున్నారు. మీరూ వాళ్లూ కలిసి ఒక చిన్న ల్యాబు పెడితే నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాలకీ సరిపోతుంది. రాగి కోసం పాత వైర్లు కాల్చే కుర్రాళ్లు పెన్న ఒడ్డున రోజూ ఏం పీలుస్తున్నారో కూడా అక్కడే తేల్చవచ్చు. వాళ్ల గురించి విడిగా ఒక ఉత్తరం రాయాలి, ఇందులో ఇమడదు.

బస్సులకీ ఆసుపత్రి పరుపులకీ పొగ విషం పరీక్ష తప్పనిసరి చేయాల్సింది భారతీయ ప్రమాణాలు రాసే బీఐఎస్, కేంద్రం అని తెలుసు. కానీ ప్రమాద స్థలంలో నిలబడే శాఖ రాసిన ఉత్తరానికీ, నాలాంటి కాంట్రాక్టర్ రాసిన ఉత్తరానికీ ఢిల్లీలో బరువు ఒకటి కాదు. మీరు రాయండి. మీ సిబ్బంది ఎన్నిసార్లు వీపున గాలి సిలిండరు ఉండే ఎస్‌సీబీఏ మాస్కు కట్టుకుని, చేత్తో గోడ తడుముకుంటూ పొగలోకి వెళ్లారో, ఎన్నిసార్లు స్పృహ తప్పిన మనిషిని భుజాన వేసుకుని బయటికి తెచ్చారో అందులో రాయండి.

నా దగ్గర మూడు ముక్కలు విడివిడిగా కవర్లలో ఉన్నాయి. ఒకటి నెల్లూరు షాపుల్లో బాగా అమ్ముడయ్యే పీవీసీ సీలింగ్ ప్యానెలు, రెండోది ఆసుపత్రి పరుపు స్పాంజి, మూడోది 2.5 స్క్వేర్ ఎఫ్‌ఆర్ వైరు, మీటరు పొడవు. కవర్ల మీద కొన్న తేదీ, ధర రాసి పెట్టాను. ఏ ల్యాబుకి పంపినా పరీక్ష ఖర్చు నేనే పెట్టుకుంటాను. మీ జిల్లా ఆఫీసుకి ఏ రోజు తెచ్చి ఇవ్వమంటారో ఒక్క మాట చెప్పించండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్,
నెల్లూరు